సంపెంగ మొదట్లో ఒండ్రు

ఏడాదిగా నేను ఒకే విషయం చెబుతున్నాను. ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. ఈ మాట అంటే మా ఊరివాళ్లు నొచ్చుకుంటారు. "అదేంటండీ, మీరు చెప్పినప్పుడల్లా ఆయ్ అన్నాం కదండీ" అంటారు. అన్నారు, నిజమే. కోనసీమలో ఎదుటి మనిషిని కాదనడం మర్యాద కాదు. ఏం చెప్పినా ఆయ్ అంటారు, కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, గేటు దాకా వచ్చి సాగనంపుతారు. పని మాత్రం జరగదు. మొహం మీదే కాదు పొమ్మనే ఊళ్లో పుట్టినవాడు అదృష్టవంతుడు. ఎవరితో పోట్లాడాలో కనీసం వాడికి తెలుస్తుంది.

నేను చెబుతున్నది ఒక సంపెంగ చెట్టు గురించి. అమలాపురం దగ్గర కాలువ గట్టు పక్కన ప్రభుత్వం పెట్టిన చెట్ల తోట ఉంది. గేటు దాటి ఎడమ చేతి వైపు నడిస్తే దారి మలుపులో ఆ చెట్టు కనిపిస్తుంది. పోయిన వేసవిలో దాని మొదలు చుట్టూ మోకాలెత్తున కాలువ ఒండ్రు పోశారు. దానివల్ల చెట్టు చచ్చిపోతుందని నేనంటున్నాను. ఇంకా బలుస్తుందని తోటవాళ్లు అనుకుంటున్నారు.

తోట పెట్టిన కొత్తలో అందరూ నవ్వారు. "కోనసీమలో చెట్ల కోసం తోటా? సముద్రంలో చెరువు తవ్వినట్టుందండీ" అన్నాడు, నేను గుమాస్తాగా పనిచేసిన అంబాజీపేట కొబ్బరి కొట్టు యజమాని. ఆయన మాట తీసిపారేయడానికి లేదు. మా దగ్గర ఏ పెరడు చూసినా తోటే. కానీ తోట అంటే మాకు కొబ్బరి తోట. గట్టు మీద నాలుగు అరటి పిలకలు, ఓ పనస, ఓ మామిడి ఉంటే ఉంటాయి. చూడటానికి మాత్రమే ఒక చెట్టును పెంచడం అనే ఆలోచన మా వైపు లేదు.

ప్రారంభం రోజున ఊళ్లో ప్రతి ఇంటివాళ్లనీ ఒక మొక్క తెచ్చి నాటమన్నారు. అందరూ కొబ్బరి మొలకలు తెచ్చారు. పెళ్లికి వచ్చినవాళ్లంతా ఒకటే రకం స్టీలు గిన్నె చదివించినట్టు గేటు దగ్గర కొబ్బరి మొలకలు గుట్టపడ్డాయి. నేనొక్కణ్ణే సంపెంగ తెచ్చాను. కడియం వెళ్లి నర్సరీలో చూసి చూసి ఎంచుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నా భార్యది బండారులంక. వాళ్ల పుట్టింట్లో మగ్గం ఉన్న గది కిటికీ పక్కన సంపెంగ చెట్టు ఉండేది. ఆ వాసన వస్తుంటే తప్ప నేతలో తనకు చెయ్యి ఆడేది కాదని పెళ్లయినప్పటి నుంచీ చెబుతూనే ఉంది. మా పెరట్లో వేద్దామంటే కొబ్బరి నీడ, చోటు లేదు. తోటలో వేస్తే రోజూ వెళ్లి చూసుకోవచ్చు అనుకున్నాను.

గొయ్యి తీశారు. మొక్క పట్టుకుని వంగాను. ఆ వేళకే ముఖ్య అతిథి వచ్చారు. నా చేతిలో మొక్క తీసి ఆయన చేతిలో పెట్టారు. "బాబాయిగారూ, ఫొటోకి కొంచెం పక్కకి జరగండి" అన్నారు. జరిగాను. ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం జరిగాను. ఫొటోలో నా చెప్పు ఒకటి పడింది. తర్వాత సభలో ముందు వరసలో కూర్చుంటే ఎవరో ఆలస్యంగా వచ్చారని ఆ కుర్చీ అడిగి తీసుకున్నారు. ఇవన్నీ చిన్న విషయాలే అని నా భార్య అంటుంది. చిన్నవని నాకూ తెలుసు. చిన్నవి కాబట్టే గుర్తుపెట్టుకోవడం తేలిక.

అయినా చెట్టుకు ఇవేమీ తెలియవు. అది చక్కగా పెరిగింది. నా ఎత్తు దాటింది, గేటు ఎత్తు దాటింది. ఒక శ్రావణంలో మొదటిసారి పూసింది.

ఆ తోటలో మంచి సంగతులు లేవని నేననడం లేదు. గేటు పక్కన నల్లబోర్డు ఉంది. తోట చూసుకునే ఆఫీసరమ్మ ఏ కాలంలో ఏం పూసింది, ఏం కాసింది దాని మీద సుద్దముక్కతో రాస్తుంది. గుండ్రటి అక్షరాలు. ఫాల్గుణంలో మోదుగ పూసిందని రాస్తే వెళ్లి చూసి వస్తాను. ఎండలు ముదిరాక రేల పూలు గొలుసుల్లా వేలాడతాయి. నేరేడు పళ్లు రాలే రోజుల్లో దారి ఊదా రంగుకు తిరుగుతుంది, నడిచినవాళ్ల చెప్పులన్నీ ఇంటికి ఆ మరకలు మోసుకుపోతాయి. ఆషాఢంలో కదంబం బంతులు. వానలు పట్టాక నత్తగుల్ల కొంగలు వచ్చి తుమ్మల మీద గూళ్లు కడతాయి, రెట్టలు పడి కింద బెంచీల మీద ఎవరూ కూర్చోలేరు. ఈమధ్య కొత్త నడక దారి వేశారు, ఉయ్యాల పెట్టారు, ఫొటోలు దిగడానికి రంగు రంగుల చట్రం నిలబెట్టారు. రోజూ పొద్దున్న ఆ బోర్డు చదివే మొదటి మనిషిని నేనే. ఈ మాట కూడా ఎవరూ ఎప్పుడూ అనలేదు.

పోయిన వేసవిలో ఎప్పటిలాగే కాలువలు కట్టేశారు. నీళ్లు పోయి అడుగు బయటపడింది, పూడిక తీయడం మొదలైంది. మా వైపు రైతుకు ఆ ఒండ్రు బంగారం. ట్రాక్టర్లకు ట్రాక్టర్లు తెచ్చి కొబ్బరి మొదళ్లలో పోస్తారు. కొబ్బరి మొదట్లో మట్టి ఎగదోస్తే ఆ మట్టిలోకి కొత్త వేళ్లు దిగుతాయి, చెట్టు గాలివానకు నిలబడుతుంది, మరుసటి ఏడాది గెల బరువెక్కుతుంది. మా నాన్న పోశాడు, నేను పోయించాను. ఇక్కడ అది తలంటు లాంటిది, ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు.

తోట మేస్త్రి కూడా అదే చేశాడు. జీవితమంతా కొబ్బరి తోటల్లో పనిచేసినవాడు, చేతిలో పని ఉంటే తప్ప నిలబడలేనివాడు. రెండు ట్రాక్టర్ల ఒండ్రు తోలించి తోటలోని చెట్లన్నింటికీ, కొబ్బరికీ కదంబానికీ నేరేడుకీ సంపెంగకీ, పంక్తిలో పక్షపాతం లేకుండా వడ్డించినట్టు పోయించాడు. దిబ్బలు నున్నగా చరిచి చుట్టూ సున్నం గీత కూడా గీశాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. బోర్డు మీద ఆ వారం వార్త అదే: అన్ని చెట్లకూ ఒండ్రు బలం.

కదంబం, నేరేడు వరద నీళ్లలోనూ నిలబడే చెట్లు, వాటి సంగతి అవి చూసుకుంటాయి. సంపెంగ అలా కాదు. నేను మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

"మేస్త్రీ, కొబ్బరికంటే సరే. సంపెంగకెందుకు పోయించేవు?"

"ఏం, అదేం పాపం చేసిందండీ? అన్నిటికీ పోసి దానికి మానేస్తే మీరే అడుగుతారు, నా మొక్కకి పొయ్యలేదేంటని."

"బెరడు కుళ్లిపోద్దయ్యా."

"మీ తోటలో కొబ్బరికి పోయించేవోరు కాదేంటండీ తమరు?"

"కొబ్బరికి బెరడెక్కడుంది? దానికి మట్టి పోస్తే వేరు పుడుతుంది. దీనికి ఊపిరాడదు. ముక్కు మూసినట్టు."

"చెట్టుకి ముక్కేంటండీ బాబూ" అని నవ్వాడు. నవ్వుతూనే నా భుజమ్మీద రాలిన ఆకు తీసేశాడు. "ఆయ్, మీరన్నేరు కదా, చూద్దాం లెండి."

నాకు ఇది పుస్తకం చదివితే తెలిసింది కాదు. రాజోలులో మా బావమరిది వరదకు భయపడి ఇంటి స్థలం మెరక చేయించాడు. మా వైపు అందరూ చేయించేదే. లారీల మట్టి పోయించి పెరడంతా ఎత్తు చేశాడు. కొబ్బరి చెట్లు అర మీటరు లోతుకు దిగిపోయినా ఏమీ కాలేదు, ఇంకా బాగా కాశాయి. వాటి మధ్య పనస చెట్టొకటి ఉండేది, ఆ వీధి మొత్తం దాని తొనలు తినేది. మెరక చేసిన మరుసటి ఏడాది అది కొమ్మకొమ్మకూ కాసింది. "చూశారా బావగారూ, కొత్త మట్టి పడింది" అని మా బావమరిది నాకు రెండు కాయలు పంపాడు. ఆ పైఏడు ఆకు రాల్చింది. మళ్లీ వేయలేదు. కొట్టించినప్పుడు చూశాను, మట్టి కింద ఉన్నంత మేరా బెరడు తడిసిన అట్టలాగా చేత్తో ఊడి వచ్చింది.

ఈ కథంతా ఆఫీసరమ్మకు చెప్పాను. శ్రద్ధగా విన్నది. కుర్చీ వేయించింది.

"ఆయ్ బాబాయిగారూ. పై వాళ్లకి చెప్తానండీ."

"పై వాళ్లంటే ఎవరమ్మా?"

"పై వాళ్లేనండీ. కాఫీ తాగుతారా?"

తాగాను. కాఫీ బాగుంది. ఆ తర్వాత అర్జీ రాసి ఇచ్చాను, మళ్లీ ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ రెండు చేతులతో తీసుకున్నారు. వానలు వచ్చాయి. ఆ దిబ్బ నీళ్లు పీల్చుకుని ఎప్పుడూ తడిగానే ఉండేది. దాని మీద గడ్డి మొలిస్తే మేస్త్రి పీకేసి మళ్లీ నున్నగా చరిచేవాడు. ముక్కు మూసి పడుకోబెట్టినవాడికి దుప్పటి కూడా సర్దినట్టు.

మాఘంలో చెట్టు పూసింది. సంపెంగ పూయాల్సిన కాలం కాదు అది. అయినా ఆకు కనిపించనంతగా పూసింది. కాలువ అవతలి రోడ్డు మీద పోయేవాళ్లు కూడా మోటారు సైకిళ్లు ఆపి వాసన చూసి లోపలికి వచ్చేవారు. బోర్డు మీద రంగు సుద్దతో పెద్ద అక్షరాలు: అకాలంలో విరబూసిన సంపెంగ, తప్పక చూడండి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగాయి. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మావయ్యా, మీ చెట్టు పూసిందంట కదా. ఇక్కడ మా రూములో అందరూ చూసేరు."

మీ చెట్టు అని ఒక మనిషి అనడం అదే మొదటిసారి. అన్నవాడు ఎడారిలో ఉన్నాడు.

ఆదివారం తోటంతా జనం. చెట్టు దగ్గర వరస కట్టి ఫొటోలు దిగుతున్నారు. నేను నిలబడి చూశాను. పై కొమ్మల చివర్లు ఎండి ఉన్నాయి, ఆకు చిన్నదై పసుపు తిరిగింది. ఆ పూల మధ్య అవి ఎవరికీ కనిపించడం లేదు. పోయే చెట్టు పోయే ముందు ఉన్నదంతా పూసేస్తుందని మా రైతులందరికీ తెలుసు. నిమ్మ విషయంలో తెలుసు, మామిడి విషయంలో తెలుసు. ప్రభుత్వం వాళ్ల తోటలో పూస్తే మాత్రం పండగ. ఈ మాట నేను పైకే అన్నాను. పట్టుచీర కట్టుకుని ఫొటో కోసం నిలబడ్డ ఒకావిడ వెనక్కి తిరిగింది.

"మంచీ చెడ్డా చూడక్కర్లేదేంటండీ? పూలు పూసిన చెట్టు ముందు చావు మాటలేంటి?"

"పోనీలే, చెట్టుకి వినిపించదులే" అన్నాడు ఆవిడ పక్కనే ఉన్న భర్త, నన్ను కాపాడుతున్నట్టు. అందరూ నవ్వారు. ఆయన ముఖం నాకు గుర్తుంది.

మర్నాడు పొద్దున్న సంచిలో కలుపు తీసే బొరిగ పెట్టుకుని వెళ్లాను. జనం రాకముందే దిబ్బ ఒక పక్క గీకడం మొదలుపెట్టాను. అరచేతి లోతు వెళ్లేసరికి పులిసిన వాసన వచ్చింది. బెరడు నల్లబడి మెత్తగా ఉంది. ఇంకా పక్కకు గీకితే తూర్పు వైపు బెరడు గట్టిగానే తగిలింది. గోటితో కొద్దిగా గీరాను. లోపల పచ్చగా ఉంది. ఆ పచ్చదనం చూసేసరికి నా చేతికి తొందర పుట్టింది. ఒక వైపు బతికి ఉంది. మట్టి తీసేస్తే నిలబడుతుంది.

"బాబాయిగారూ, ఏం చేస్తున్నారండీ?"

ఆఫీసరమ్మ. వెనక మేస్త్రి.

"చూడమ్మా, ఇటు కుళ్లింది, ఇటు బాగానే ఉంది. చెయ్యి పెట్టి చూడు."

ఆమె వంగింది. చెయ్యి మాత్రం పెట్టలేదు. "ఇక్కడ తవ్వకూడదండీ బాబాయిగారూ. మీరు తవ్వితే రేపు ఇంకొకరు తవ్వుతారు. మీకు తెలియనిది కాదు."

"మరి మీరు తీయించండి."

"ఆయ్ అండి. మీరు లేవండి, మోకాళ్లు నొప్పెడతాయి."

మేస్త్రి నాకు చెయ్యిచ్చి లేపాడు. బట్టలకు అంటిన మట్టి దులిపాడు. నేను గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే, తీసిన మట్టిని తిరిగి అక్కడే పోసి, చరిచి, చెంబుతో నీళ్లు చల్లుతున్నాడు. అంత మర్యాదగా నన్ను ఎవరూ అవమానించలేదు. నాలుగు రోజులకు చెట్టు పక్కన చిన్న రేకు బోర్డు వచ్చింది: చెట్లను తాకరాదు, తవ్వరాదు. ఆ తోటలో తవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు రాస్తే ఇంకా బాగుండేది, కనీసం అక్కడైనా పేరు ఉండేది.

పూలన్నీ అయిపోయాక ఓ రోజు నా భార్య తానే వస్తానంది. ఆమె ఎక్కువగా బయటికి రాదు. చెట్టు కింద నిలబడి తల పైకెత్తి చాలాసేపు చూసింది. తర్వాత కిందికి దిబ్బ వైపు చూసింది.

"మగ్గం మీద పడుగు మరీ బిగిస్తే దారాలు తెగినట్టుందండీ" అంది. "పైనంతా పుటుక్కు పుటుక్కుమంటోంది."

"నేను చెబితే ఎవరూ వినలేదు."

"మీరు చెట్టు గురించి చెప్తారు, మధ్యలో కుర్చీ గురించి చెప్తారు. వినేవాళ్లకి ఏది అసలో ఎలా తెలుస్తుంది?"

"కుర్చీ కూడా అసలే."

ఆమె నవ్వలేదు. బెంచీ మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది. "ఒక్కటి అడుగుతాను చెప్పండి. మీకు చెట్టు బతకాలా, మీ మాట నెగ్గాలా?"

"రెండూ."

"రెండూ ఎలా జరుగుతాయండీ? చచ్చిపోద్దని మీరే ఊరంతా చెప్పేరు. అది చస్తే మీరు గెలిచినట్టు. బతికితే ముసలాయన ఊరికే గోల చేసేడు అంటారు. ఏదో ఒకటి అడగండి."

ఇద్దరం ఇంటిదారి పట్టాం. ఆమె రెట్టించలేదు. దారిలో సంతలో బెండకాయలు బేరం చేసింది, ధర ఎక్కువ చెప్పాడని అమ్మేవాడితో కాసేపు హాయిగా పోట్లాడింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు చెప్పాను.

"బతకాలి."

"ఏంటి?"

"చెట్టు."

"ఆయ్" అని చారు వడ్డించింది. మా ఇంట్లో ఆ మాటకు అర్థం ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ కాలువలు కట్టేశారు. నిన్న తోట గేటు పక్కన ట్రాక్టరు ఒండ్రు దింపి వెళ్లింది. నల్లగా, తడిగా, గుల్లలతో, చూస్తే ఏ రైతుకైనా కడుపు నిండేలా ఉంది. బోర్డు మీద రాశారు: ఈ వేసవి కూడా అన్ని చెట్లకూ ఒండ్రు. పక్కనే రేల పూసిందనీ, నేరేడు పిందె పట్టిందనీ ఉంది. సంపెంగ గురించి ఒక్క అక్షరం లేదు. నేను చెట్టు దగ్గరికి వెళ్లాను. పడమటి కొమ్మలు మోడులు. తూర్పు కొమ్మ మాత్రం చివర ఎర్రటి లేత చిగురు వేసింది. రెండు ఆకులే. వేలితో ముట్టుకోలేదు, తాకరాదు అని ఉంది కదా.

పాత దిబ్బ మీద ఈ కొత్త మట్టి పడితే ఆ చిగురు వానాకాలం చూడదు. పాతదీ తీసి మొదలు బయటపెట్టి గాలి తగలనిస్తే బతుకుతుంది. అప్పుడు మేస్త్రి నవ్వుతాడు, చూశారా అండీ ఏం కాలేదు, ఊరికే కంగారు పడ్డారు అంటాడు. పట్టుచీర ఆవిడా, ఆవిడ భర్తా మళ్లీ ఫొటోలు దిగుతారు. అననివ్వండి. నేను ఓడిపోయానని ఊరంతా అనుకున్నా సరే, ఆ దిబ్బ తీయాలి. ఎవరెవరు నవ్వారో మాత్రం గుర్తుపెట్టుకుంటాను, అది మానుకోలేను.

తోట చూసుకునేవాళ్లనూ, వాళ్ల పై వాళ్లనూ, వాళ్లెవరో నాకు ఈనాటికీ తెలియకపోయినా, ఇలా పత్రికలో అచ్చేయించి ఒకే మాట అడుగుతున్నాను. సంపెంగ మొదట్లో ఒండ్రు తీస్తారా, తీయరా? మీరు తీయకపోతే నన్ను తీయనిస్తారా? కాదంటే కాదనండి, నేను ఏమీ అనుకోను. కుర్చీ వద్దు, కాఫీ వద్దు. రేపు పొద్దున్న మీరు గేటు తీసేసరికి నేను అక్కడే ఉంటాను. ఆయ్ అనకండి. జవాబు చెప్పండి.